ఒక్కసారే అడిగిన దుప్పటి

ఇరవై రెండేళ్ళుగా నేను మనుషుల గుండెలకు లెక్కలు కడుతున్నాను. టొరంటో చుట్టుపక్కల ఒక ఆసుపత్రిలో, గుండెలోకి సన్నటి గొట్టం పంపి ఒత్తిడులు కొలిచే గదిలో టెక్నాలజిస్టుని. డాక్టరు గొట్టం తోస్తాడు, నేను అద్దానికి ఇవతల కూర్చుని కంప్యూటర్లో అంకెలు కొడతాను. పార్టీల్లో ఎవరైనా ఏం చేస్తారని అడిగితే 'హాస్పిటల్లో జాబ్' అని ఊరుకుంటాను. అంతకంటే చెబితే, పెరుగువడ ప్లేటుతో సహా నన్ను ఓ మూలకి లాక్కెళ్ళి, 'ఆంటీ, నాకిక్కడ అప్పుడప్పుడు చురుక్కుమంటుంది' అని మొదలుపెడతారు.

ఆ గదంటే నాకెప్పుడూ భయం లేదు. మా ఇంట్లో వంటగది ఎంతో అదీ అంతే. మా ఆయన్ని అలాంటి గదిలో బల్ల మీద పడుకోబెట్టిన రోజు దాకా.

ఆయనకి యాభై తొమ్మిది. ఎటోబికోలో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పెద్ద గోడౌన్‌లో ప్లానింగ్ పని. రెండు చలికాలాల కిందట ఓ జ్వరం వచ్చి పోయింది. పోతూ పోతూ గుండె కండరాన్ని సగం నీరుగార్చి పోయింది. అప్పటినుంచీ మందులు, ఉప్పు లేని కూరలు, పొద్దున్నే బరువు చూసుకోవడాలు. మిల్టన్‌లో మా టౌన్‌హౌస్ మూడంతస్తులు. పై గదికి వెళ్ళేటప్పుడు మధ్యలో మలుపు దగ్గర ఒకసారి ఆగుతారు. ఆయాసమని ఒప్పుకోరు. ఎదురింటివాళ్ళ కారుని కిటికీలోంచి పరీక్షగా చూస్తున్నట్టు నిలబడతారు. ఆ కారు గురించి మాకు తెలిసినంత దాని ఓనరుకి కూడా తెలియదు.

మొన్నటి జనవరిలో ఆయన్ని చూసే డాక్టరు ఒక మాట అన్నాడు. గొట్టం పరీక్ష చేద్దాం, గుండె నిమిషానికి తోసే రక్తం మరీ తక్కువని తేలితే ఇక మందులతో లాభం లేదు, ఛాతీ తెరిచి పంపు పెట్టడం గురించి మాట్లాడుకోవాలి అని. పంపంటే ఏమిటో మా ఆయన అడిగారు. గుండెకి తగిలించే చిన్న మోటారు, కడుపు పక్కనుంచి బయటికొచ్చే ఒక వైరు, భుజాన వేసుకునే బ్యాటరీలు. ఆ తర్వాత వేరే గుండె కోసం ఎదురుచూపు. డాక్టరు మంచివాడే, మెల్లగా, బొమ్మ గీసి మరీ చెప్పాడు. మా ఆయన ఆ బొమ్మలో వైరు దగ్గరే ఆగిపోయారు. కారెక్కాక, "వైరు బయటికొస్తుందట," అన్నారు.

ఇక్కడ నా వృత్తి గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గుండె నిమిషానికి ఎన్ని లీటర్లు తోస్తోందో కంటితో చూడలేం, లెక్క కట్టాలి. అది బిందెల లెక్కలాంటిదే. ఇంటికి ఇన్ని నీళ్ళు కావాలి. ప్రతి బిందె నిండుగా వచ్చి, ఇంత ఖర్చయి, మిగతాది వెనక్కి పోతోంది. అయితే ఎన్ని బిందెలు తిరిగినట్టు? నీళ్ళ బదులు ఆక్సిజన్, బిందె బదులు రక్తం. వచ్చే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో, తిరిగిపోయే రక్తంలో ఎంత మిగిలిందో కాస్త రక్తం తీసి చూస్తాం, అది నికరంగా తెలుస్తుంది. కానీ అసలు ఆ ఇంటికి ఎన్ని నీళ్ళు కావాలి, అంటే ఆ ఒళ్ళు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకుంటోంది అన్నది మాత్రం మామూలుగా ఎవరూ కొలవరు. కొలిచే యంత్రం ఉంది, దానికి టైము పడుతుంది, మనుషులు కావాలి. అందుకని ఎత్తూ బరువూ కొడితే కంప్యూటరే ఓ అంకె ఇచ్చేస్తుంది. ఒంటి వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకీ నిమిషానికి నూట ఇరవై ఐదు మిల్లీలీటర్ల చొప్పున. ఆ అంకె పక్కన చిన్న అక్షరాలతో 'ఊహించినది' అని ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో ఆ మాటని నేను ఆగి చదివింది ఎన్నిసార్లంటే, ఒక చేతి వేళ్ళు చాలు.

ఆ ఊహలో ఒక మనిషి ఉన్నాడు. వెచ్చగా, నిమ్మళంగా పడుకుని, ఏ దిగులూ లేకుండా ఊపిరి తీసుకుంటున్న మనిషి. అలాంటి మహానుభావుడు మా బల్ల మీదకి ఎప్పుడొచ్చాడో నాకైతే గుర్తులేదు.

పరీక్ష నేను పనిచేసే చోట కాదు, ఊళ్ళో వేరే పెద్ద ఆసుపత్రిలో. నేనూ ఇదే పని చేస్తానని అక్కడ చెప్పద్దని మా ఆయనకి ముందే చెప్పాను. ఎందుకంటే, మనం పని చేస్తుంటే తోటి పనివాళ్ళు వచ్చి చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు, చేతులు ఆడవు. వాళ్ళ చేతులు ఆడకపోతే నష్టం ఎవరికి? అందుకని పెద్ద తెలివైనదాన్నని అనుకుంటూ వెయిటింగ్ రూమ్‌లో అందరి పెళ్ళాల్లాగే కూర్చున్నాను. కాఫీ కొనుక్కుని ఒక్క గుక్క తాగలేదు. లోపల ఇప్పుడు గొట్టం ఎక్కడుంటుందో, ఏ ఒత్తిడి రాస్తుంటారో నిమిషం నిమిషం నాకు తెలుస్తూనే ఉంది. తెలియనివాళ్ళు అదృష్టవంతులు.

డాక్టరు బయటికొచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. డాక్టర్లు కూర్చుంటే నాకు భయం. మంచి కబురు నిలబడే చెబుతారు. రెండున్నర లీటర్లు, అన్నాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అయిదు ఉండాలి. కుడివైపు కవాటం లీకవుతోంది కాబట్టి చల్లటి సెలైన్ ఎక్కించి చూసే రెండో పద్ధతిని ఈయన విషయంలో నమ్మలేమనీ, ఈ అంకె మీదే ఆధారపడాలనీ చెప్పాడు. రెండు వారాల్లో పంపు పెట్టే టీమ్‌ని కలవమన్నాడు. నేను తలూపాను. నా నోటినుంచి వచ్చింది థాంక్యూ ఒక్కటే.

ఇంటికొచ్చాం. ఇక్కడికి నాలుగైదు గంటల దూరంలో, కనాటాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అది వీకెండ్‌కి వస్తానంది. మా ఆయన పప్పూ అన్నం తిని, టీవీ పెట్టి, సౌండ్ తీసేసి చూస్తూ కూర్చున్నారు. భయంగా ఉందా అని అడిగితే, నాకేం భయం అన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మనిషి నోటినుంచి 'భయం' అన్న మాట 'నాకేం' లేకుండా రాలేదు.

మర్నాడు పొద్దున్న డైనింగ్ టేబుల్ దగ్గర రెండు స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నారు. ఇంట్లో హీటర్ బాగానే ఉంది. ఏమిటీ వేషం అన్నాను.

"నిన్నటి చలి ఇంకా ఎముకల్లోనే ఉంది. అది గదా, ఫ్రిజ్జా? ఆ పల్చటి గౌను ఒకటి. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నాలుక కరుచుకుంటానేమో అనుకున్నా."

గరిట కింద పెట్టాను. పళ్ళు కొట్టుకునేంతగా వణికారా అని అడిగాను. ఎంతసేపు అని అడిగాను. మొదటినుంచీ చివరిదాకా అన్నారు.

"దుప్పటి ఇవ్వలేదా వాళ్ళు?"

"నర్సు అడిగింది, కావాలా అని. వద్దన్నా."

"వద్దని ఎందుకన్నారు?"

"ఒక్కసారే అడిగింది," అన్నారు, అదేదో ఆ పిల్ల తప్పయినట్టు. "మళ్ళీ అడుగుతుందేమో అని చూశా. అడగలేదు."

మనవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఎవరింటికైనా వెళ్తే మొదటిసారి అడిగినప్పుడు 'అబ్బే, ఇప్పుడే తిని వచ్చాం' అనాలి. రెండోసారి 'నిజంగా వద్దండి' అనాలి. మూడోసారి వాళ్ళే విస్తరేసి కూర్చోబెడతారు, అప్పుడు 'సరే, మీ మాట కాదనలేక' అని శుభ్రంగా తినాలి. మా అత్తగారింట్లో ఈ పద్ధతి మరీ ఎక్కువ. మొదటి పిలుపుకే విస్తరి ముందు కూర్చున్నవాడిని కరువులోంచి వచ్చాడనేవారు. ఈ దేశం వచ్చిన కొత్తలో తెల్లాయన ఒకడు మా ఆయన్ని ఇంటికి పిలిచి, ఏమైనా తింటావా అని ఒకసారి అడిగాడట. ఈయన నో నో అన్నారు. ఆ మనిషి సరేనని తను శాండ్‌విచ్ చేసుకుని ఈయన ఎదురుగానే తిన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఈయన మూడుసార్లు ఆవకాయన్నం కలుపుకున్నారు. ఇన్నేళ్ళూ మేము దాన్ని జోకుగా చెప్పుకుని నవ్వుకున్నాం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మా నాయనమ్మ ఒక మోటు సామెత చెప్పేది, అది ఇక్కడ రాయను కానీ, మా ఇంట అంతకంటే పెద్దదే అయింది.

ఎందుకంటే వణికే ఒళ్ళు ఊరికే వణకదు. ప్రతి కండరమూ పని చేస్తుంది, ఆక్సిజన్ తాగేస్తుంది. దానికి తోడు భయం. తిరిగిపోయే బిందెలు అడుగంటి ఉంటాయి. కంప్యూటర్ మాత్రం ఎత్తూ బరువూ చూసి, ఈ ఇంటివాళ్ళు మామూలుగానే వాడుకుంటున్నారు అనుకుంటుంది. మామూలు వాడకానికే బిందెలు ఇలా ఖాళీ అవుతున్నాయంటే తిరిగే బిందెలు తక్కువన్నమాట అని తీర్పిస్తుంది. ఆ రెండున్నర లీటర్లలో ఎంత మా ఆయన గుండెది, ఎంత ఆయన మొహమాటానిది?

ముందు కోపం వచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ అడిగి పెడతానన్నా వద్దంటివి కదయ్యా అని మనసులోనే చెడామడా తిట్టాను. కోపం దిగాక వచ్చింది అసలు భయం. నేను ఎంతమందిని 'ఆర్ యూ కంఫర్టబుల్' అని ఒక్కసారి అడిగి, 'ఫైన్' అన్న జవాబు పూర్తిగా వినకుండానే స్క్రీన్ వైపు తిరిగానో! చీరకట్టుతో వచ్చి గౌనులోకి మారిన పెద్దావిడలు, మనవాళ్ళు, మనవాళ్ళు కానివాళ్ళు. వాళ్ళ వణుకు పక్కన నేను అదే ఊహ కొట్టి, అదే తీర్పు అచ్చేసి ఇచ్చాను. వాళ్ళల్లో ఎవరి ఛాతీ ఎందుకు తెరిచారో ఇప్పుడు ఎవర్ని అడగను?

వెంటనే ఫోన్ చేశానని రాస్తే బాగుండేది. రెండు రోజులు చేయలేదు. మా ఆయన్ని మనసులో అంతలా తిట్టినదాన్ని, నాకే నోరు పెగల్లేదు. అదే వృత్తిలో ఉన్నదాన్ని, ఇంకొకరి పనిలో తప్పు పట్టినట్టు కాదూ? ఈవిడెవరండీ అనుకోరూ? మొగుడి మీద ప్రేమతో లెక్కలు మారుస్తోంది అనుకోరూ? నిజంగానే అదేనేమో! ఆశ ఉన్నవాళ్ళకి లెక్కలన్నీ తమవైపే మొగ్గుతాయి. పైగా కొలత రెండు వైపులా పదునున్న కత్తి. జబ్బు గుండెతో చాలాకాలం ఉన్న ఒళ్ళు పొదుపు నేర్చుకుంటుంది. నిజంగా కొలిస్తే, ఆయన వాడకం కంప్యూటర్ ఊహించినదానికంటే తక్కువే రావచ్చు. అప్పుడు ఉన్న రెండున్నర కూడా నిలవదు. ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు. ఆయన మెట్ల మలుపు దగ్గర ఆగినప్పుడల్లా కిందనుంచి నేను ఆయన ఊపిరులు లెక్కపెట్టేదాన్ని.

శనివారం అమ్మాయి వచ్చింది. వాళ్ళ నాన్న పైన పడుకున్నాక అన్నీ చెప్పాను. అది నన్ను వింతగా చూసింది.

"అమ్మా, వై ఆర్ యూ వెయిటింగ్? జస్ట్ ఆస్క్ దెమ్."

అదంత సులువు కాదే, అన్నాను.

"నాన్న డిడ్ ద సేమ్ థింగ్ విత్ ద బ్లాంకెట్," అంది.

సోమవారం ఫోన్ చేశాను. డాక్టరు మధ్యాహ్నం తిరిగి చేశాడు. నేను ఫలానా పని చేస్తానని ముందు చెప్పి, టేబుల్ అంచు పట్టుకుని, మా ఆయన మొత్తం సేపూ వణికారని చెప్పాను. అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. వణుకు గురించి నోట్స్‌లో ఏమీ రాసి లేదన్నాడు. కంఫర్టబుల్ అని మాత్రం రాసి ఉందట. నిజమే, ఆయన అదే చెప్పి ఉంటారు. ఊపిరి పరీక్షల విభాగంలో కొలిచే యంత్రం ఉందనీ, తెప్పించి మళ్ళీ చేయచ్చనీ అన్నాడు. కానీ అంకె ఇంకా తగ్గచ్చు, మీకు తెలుసు కదా అన్నాడు.

తెలుసన్నాను. ఫోన్ పెట్టేశాక వంటగది నేల మీద కూర్చున్నాను. ఏం చేశాను? నోరు మూసుకుని ఉంటే ఆ అంకెని వాళ్ళ మీదకి తోసేయచ్చు. ఇప్పుడొచ్చేది నేను అడిగి తెచ్చుకున్నది.

రెండో పరీక్ష ఫిబ్రవరిలో, బుధవారం పొద్దున. బయట మైనస్ పద్దెనిమిది. నేనూ ఈ పనిదాన్నే అని తెలిసింది కాబట్టి నన్ను అద్దం వెనక ఒక స్టూలు మీద కూర్చోనిచ్చారు. లోపల మాటలు స్పీకర్‌లో వినిపిస్తున్నాయి. మా ఆయన బల్ల మీద చాలా చిన్నగా కనిపించారు. ఇంట్లో అంత చిన్నగా ఉండరు. నర్సు వచ్చి వంగి, దుప్పటి కావాలా అని అడిగింది. ఒక్కసారే.

ఆయన నోరు తెరిచారు. ఆ మొదటి అక్షరం ఏదో నాకు తెలుసు, ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుసు. నేను స్టూలు మీదనుంచి లేచాను. వద్దనకండి, వద్దనకండి అని పెదాలతోనే అంటున్నాను, ఆయనకి వినపడదని తెలిసి కూడా.

"యెస్," అన్నారు. తర్వాత, ఎవరికో అప్పగింతలు పెడుతున్నట్టు మెల్లగా, "టూ, ప్లీజ్. ఐ యామ్ వెరీ కోల్డ్. అండ్ ఐ యామ్ స్కేర్డ్."

ఆ మాట ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు. పరాయి పిల్లకి, పరాయి భాషలో చెప్పారు. నర్సు ఆయన చేయి పట్టుకుని, వెచ్చబెట్టిన దుప్పట్లు మూడు తెచ్చి కప్పింది. ఒళ్ళు కుదుటపడేదాకా అందరూ ఆగారు. అప్పుడు తల మీద గాజుబుట్ట లాంటిది బోర్లించి, దానికి గొట్టం తగిలించి, ఆయన వదిలే ఊపిరిని యంత్రంలోకి పంపారు. పావుగంట.

ఆక్సిజన్ వాడకం అంకె ముందు వచ్చింది. పోయినసారి కంప్యూటర్ ఊహ రెండు వందల పంతొమ్మిది. ఇప్పుడు కొలిచింది రెండు వందల నాలుగు.

తగ్గింది. నేను భయపడ్డదే జరిగింది. అద్దం మీద చేయి ఆనించి నిలబడ్డాను, నా చేతి చుట్టూ ఆవిరి పట్టింది. ఇక మిగిలింది తిరిగిపోయే రక్తం ఒక్కటే. అందులో ఆక్సిజన్ ఎంత ఎక్కువ మిగిలితే అన్ని ఎక్కువ బిందెలు తిరిగినట్టు. పోయినసారి మిగిలింది నలభై ఎనిమిది శాతం. సిరంజి తీసుకెళ్ళిన అమ్మాయి తిరిగి రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. అది నా ఉద్యోగంలో నేను రోజూ పట్టించుకోని రెండు నిమిషాలు. దేవుళ్ళ పేర్లు కూడా వరసగా గుర్తురాలేదు.

అరవై మూడు, అంది ఆ అమ్మాయి.

కంప్యూటర్ కంటే ముందే నేను లెక్క కట్టేశాను. మూడున్నర. తప్పు కట్టానేమోనని మళ్ళీ కట్టాను. డాక్టరు అద్దంలోంచి నావైపు చూసి మూడు వేళ్ళు చూపించి, నాలుగో వేలు సగం మడిచాడు. నిలబడే చూపించాడు.

తర్వాత బయటికొచ్చి అన్నీ చెప్పాడు. మూడున్నర గొప్ప అంకె కాదు. గుండె బాగుపడలేదు, అలాగే ఉంది. కానీ పంపు మాట ఇప్పటికి పక్కన పెడదాం, మందులు మారుద్దాం, మూడు నెలలకి మళ్ళీ చూద్దాం అన్నాడు. ఇప్పటికి అన్న మాటని నేను విన్నాను. మా ఆయన కూడా విన్నారు.

మధ్యాహ్నం మూడింటికి పార్కింగ్‌లోకి వచ్చాం. నేనే డ్రైవ్ చేయాలి. కారు స్టార్ట్ చేశాను, చేతులు స్టీరింగ్ మీద నిలవడం లేదు. పళ్ళు బిగపట్టి చూశాను, అవీ కొట్టుకుంటున్నాయి. మూడు వారాలుగా నేను దాచుకున్నదంతా అప్పుడే ఒంట్లోకి దిగినట్టుంది.

"చలేస్తోందా?" అన్నారు పక్కనుంచి.

లేదన్నాను.

ఆయన హీటర్ పెంచారు. "చలేస్తోందా?"

లేదులెండి అన్నాను.

ఆయన తన కోటు విప్పి నా ఒళ్ళో వేశారు. దాని అంచుని నా మోకాళ్ళ కిందకి దోపి, ఇంకోసారి అడిగారు.

"చలి కాదండీ," అన్నాను. "భయం."

"నాకూనే," అన్నారు. ఈసారి తెలుగులో.